పద్దెనిమిది గీతలు

మాది కాళ్ళ. ఊరి పేరే అది.
నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి,
ఆ ఊళ్ళో ఒంటికాలితో తిరిగినవాడు మా నాన్న.

"సూది మొదలెడితే ఇంక ఆఖరేరా" అనేవాడు.
ఆకుపసర్లు తాగాడు, పచ్చి కాకరకాయ నమిలాడు,
మెంతులు నానేసిన గ్లాసు రోజూ కిటికీలో ఉండేది.
సూదికి భయపడినోడు
రంపానికి ఎట్టా ఒప్పుకున్నాడో
భీమవరం ఆసుపత్రి మంచానికే తెలియాలి.

పొలమేం రాలేదు గానీ
ఆ భయం మాత్రం నా వాటాకి వచ్చింది.
బొటనేలి పుండు మూణ్ణెల్లైనా మానకపోతే,
ఎదురుగా నిలబడ్డ మనిషి పొగలా కనిపిస్తుంటే,
నర్సమ్మ జోగరత్నం నా అరచేతిలో సీసా పెట్టింది.
"పొద్దున్న ఇరవై రెండు గీతలు, రాత్రి పద్దెనిమిది.
తిండికి అరగంట ముందు.
ముందు, యేసుపాదం. బదులు కాదు."

పుండు మానింది.
అబద్ధమాడలేను.
బుగ్గలు పూడాయి, లుంగీ మళ్ళీ బిగువైంది,
రాత్రికి తొమ్మిదిసార్లు లేచేవాణ్ణి ఒక్కసారికి దిగాను.
ఆ గట్టు చివర ఏరేటర్ రెక్కలు
ఈ గట్టు మీంచి లెక్కపెట్టగలను.
ఆఖరు కాదు నాన్నా,
నువ్వుంటే చూపించేవాణ్ణి.

రొయ్యల చెరువు కాపలా నాది.
మేతంటే ఏంటో నాకు తెలుసు:
తక్కువేస్తే ఒకదాన్నొకటి పీక్కుతింటాయి,
ఎక్కువైతే అడుగు కుళ్ళి అన్నీ ఒక్క రాత్రే పోతాయి.
చెక్‌ట్రే పైకి లేపి, మిగిలింది చూసి,
గ్రాముల్లో వేస్తాను.
నా ఒంట్లో ఏ ట్రే లేపి చూసుకోను?

ఆ రాత్రి గీతలు సరిగ్గానే లాగాను.
పొట్ట మీద, నిన్నటి చోటు వదిలి రెండేళ్ళు పక్కకి.
గుచ్చినచోటే గుచ్చితే కండ రాయవుతుందని చెప్పింది కదా.
కేరేజీ రాలేదు.
సువార్తమ్మ కట్టి పంపింది,
తెచ్చే కుర్రాడి బండి వానకి బురదలో దిగబడింది.
వస్తాడులే అనుకున్నాను.
మందు ఎవరికోసమూ ఆగదు.
దానికో పని చెప్పాం, అది చేసుకుపోతుంది.

ముందు చేతులు.
తర్వాత చెమట. వానలో చెమట!
షెడ్డు బల్బు రెండయింది.
ఏరేటర్ మోత మీద ఎవరో దుప్పటి కప్పారు.
నా పేరు గుర్తుంది,
ఫోను ఎక్కడ నొక్కాలో గుర్తు లేదు.
నీళ్ళలో గాలి తగ్గినప్పుడు రొయ్య పైకి తేలుతుంది చూడండి,
అట్టా తేలాను
నాలోంచి నేను.

షెడ్డు మూల డ్రమ్ము పక్కన
తవుడుతో పులియబెట్టి చెరువుకి పోసే నల్లబెల్లం,
రాజుగారు తూకమేయించి దించిన దిమ్మ.
పదకొండేళ్ళయింది ఆ రుచి మర్చిపోయి. టీలో కూడా లేదు.
పళ్ళతో కొరికాను.
గోనెపీచు, చీమలు, అన్నీ కలిపి.
విషమని వదిలేసిందే
నాలిక మీద కరుగుతూ కరుగుతూ
నన్ను పేరు పెట్టి పిలిచింది.

పావుగంటకి బల్బు ఒకటయింది.
కుర్రాడొచ్చాడు, మోకాళ్ళదాకా బురద, నెత్తిమీద కేరేజీ.
"ఏడుస్తున్నావేంటి మావా?"
కూర చల్లారిపోయిందన్నాను.

ఇప్పుడు వరస మార్చాం.
అన్నం కళ్ళజూశాకే సూది,
ఆ అరగంటా దానికి నేను కాపలా.
సువార్తమ్మ నా చొక్కాజేబుకి బొత్తాం కుట్టింది,
లోపల పంచదార పొట్లం.
సీసా తడి ఇసక కుండలో ఉంటుంది.
రొయ్యల ఐసుపెట్టెలో పెట్టకూడదు,
గడ్డకడితే మందు చచ్చిపోద్ది.
"మానేద్దామా?" అని ఒక్కసారి అడిగింది.
నులకమంచం మీద కాళ్ళు చాపి చూపించాను.
రెండూ.

లెక్కల పుస్తకంలో రాజుగారికి రాసిపెట్టాను:
బెల్లం, పావుకిలో తక్కువ.
చెరువుకి పోయలేదు.
జీతంలో కోసుకోండి.